పన్నీరు, గులాబి: ఒకే అర్థమున్న రెండు పేర్లు, ఒకటి కాని రెండు తీగలు

విశాఖపట్నంలో మిద్దెతోటలు పెంచుకునేవారికి సలహాలు ఇవ్వడం నా వృత్తి. ద్రాక్ష గురించి అడిగేవారిలో చాలామందికి నేను చెప్పే జవాబు ఒక్కటే. ఏడాదిలో ఎక్కువ భాగం సముద్రపు తేమ, దానికి తోడు అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు ఉన్న ఈ ఊళ్లో ద్రాక్ష తీగను నీడ కోసం పెంచుకోవచ్చు గాని, కాయ మాత్రం బజారులో కొనుక్కోవడమే మేలని చెబుతాను. ఈ కేసులో ఆ జవాబు సరిపోలేదు. ఆ ఇంటివారికి కావలసిన ద్రాక్ష ఇక్కడి బజారులో దొరికేది కాదు. అంతకన్నా ముఖ్యంగా, దానికోసం వారు పెంచుతున్న రెండు తీగల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న నిర్ణయం దాదాపు తలకిందులుగా జరగబోయింది. అది ఎలా తప్పిందో, ఆ తరువాత కాపు ఎలా వచ్చిందో వివరంగా రాస్తున్నాను. ఇంటివారిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఇంటాయన ఉద్యోగ విరమణ చేసినవారు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు మదురై వైపు ఉన్నారు. అక్కడ ఉన్న రోజుల్లో తేని జిల్లా కంబం లోయ నుంచి వచ్చే పన్నీరు ద్రాక్ష ఆ కుటుంబానికి అలవాటయింది. (పెద్ద చెరువుకు పేరుపడ్డ మన కంభం వేరు, పడమటి కనుమల పక్కన, కేరళ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఆ కంబం వేరు.) కాయ చిన్నది, గుండ్రనిది, ముదురు ఊదా రంగులో దాదాపు నల్లగా ఉంటుంది, లోపల గింజలుంటాయి. బాగా పండిన కాయ కొరికితే నోట్లో గులాబీ నీటి వాసన వస్తుంది. విశాఖ వచ్చాక రైతుబజారులోనూ పూర్ణా మార్కెట్లోనూ వెతికినా ఆ వాసన ఉన్న నల్లద్రాక్ష వారికి దొరకలేదు. దాంతో మిద్దె మీదే పెంచాలనుకున్నారు.

సముద్రపు గాలి నేరుగా తగిలే రెండంతస్తుల ఇల్లు అది. రెండు వందల లీటర్ల నీలం డ్రమ్మును అడ్డంగా కోయించి, ఒక్కో సగంలో ఒక్కో తీగ పెట్టారు. జీఐ పైపులతో, తీగలతో ఆరడుగుల ఎత్తున ఒకే పందిరి కట్టించి రెండు తీగలనూ దాని మీదికే పాకించారు. మొదటి మొక్కను బండి మీద మొక్కలమ్మే ఒకాయన దగ్గర ‘పన్నీరు ద్రాక్ష’ అన్న పేరు మీద కొన్నారు. రెండోదాన్ని బెంగళూరు వైపు నుంచి బంధువులు ‘గులాబి ద్రాక్ష’ అని చెప్పి తెచ్చి ఇచ్చారు. ఇవి వేర్వేరు రకాలనీ, తనకు కావలసింది మొదటిదేననీ ఆయన నమ్మకం.

ఆ పేర్ల గురించి ఇక్కడే చెప్పుకోవాలి. పెళ్లిళ్లలో వెండి బుడ్డితో చల్లే పన్నీరు గులాబీ నీరే. గులాబ్ అన్న పారసీ మాటలో ‘గుల్’ అంటే పువ్వు, ‘ఆబ్’ అంటే నీరు. మనం పువ్వు పేరుగా వాడుతున్న ఆ మాటకు అసలు అర్థం కూడా పన్నీరే. తమిళనాట పన్నీరు అనీ, కర్ణాటకలోనూ ఉద్యానశాఖ పుస్తకాల్లోనూ గులాబి అనీ పిలిచేది ఒకే రకాన్ని. ప్రపంచంలో మిగతా చోట్ల దాని పేరు మస్కట్ హాంబర్గ్. మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియాకూ స్కియావా గ్రోసా అనే నల్లద్రాక్షకూ పుట్టిన సంకరమని జన్యుపరీక్షల్లో తేలింది. తమిళనాడుకు దీన్ని 1832లో ఒక ఫ్రెంచి మతగురువు తెచ్చాడని అక్కడివారు చెబుతారు. కంబం పన్నీరు ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గింజలున్న నల్లద్రాక్షను మన పళ్ల బండ్ల మీద ‘నాటు ద్రాక్ష’ అని అమ్ముతుంటారు గాని, ఈ నాటు రకం పుట్టుక ఐరోపాలో జరిగింది. వాసన విషయంలో మాత్రం పేరు పెట్టినవారి ముక్కు మెచ్చుకోదగ్గది. మస్కట్ ద్రాక్షలకు ఆ పరిమళాన్నిచ్చే జెరానియోల్, నెరోల్ అనే పదార్థాలు గులాబీ నూనెలోనూ ఉంటాయి.

సమస్య

నేను మొదటిసారి చూసేనాటికి తీగలకు మూడేళ్ల వయసు. ‘పన్నీరు’ డ్రమ్ములోని తీగ బలంగా పెరిగి, పందిరిలో ముప్పాతిక భాగం తానే ఆక్రమించింది. ఏటా కొన్ని గుత్తులు వేస్తోంది. కాయ నల్లబడుతోంది గాని పుల్లగా ఉంటోంది, గులాబీ వాసన లేదు. ‘గులాబి’ డ్రమ్ములోని తీగ ఆ నీడలో నలిగిపోతూ, చిల్లులు పడ్డ ఆకులతో, ఒక్క గుత్తి కూడా వేయకుండా ఉంది.

ఆయన నన్ను పిలిచింది రెండో తీగ కోసం కాదు. “మాస్టారూ, ఈ గులాబి మొక్క దండగండి, తీసేద్దామనుకుంటున్నాను. ఆ పన్నీరు మొక్కకి వాసన ఎక్కాలంటే ఏటి వెయ్యాలో అది చెప్పండి చాలు” అన్నారు. అప్పటికే బెల్లం నీళ్లు, పొటాష్, మజ్జిగ, చేపల ద్రావణం అన్నీ ఆ డ్రమ్ములో పోశారు. ఖాళీ అయ్యే రెండో డ్రమ్ములో పన్నీరు తీగ కొమ్మనే నాటి, పందిరి మొత్తం దానికే ఇవ్వాలన్నది ఆయన ఆలోచన.

ఎరువుతో వాసన తీసుకురాలేం. కాయ పక్వతను బట్టి పరిమళం పెరగడం, తగ్గడం ఉంటుంది గాని, ఆ రకంలో లేనిది పోషణ వల్ల పుట్టదు. అందువల్ల ఎరువుల సంగతి పక్కనబెట్టి, ముందు ఈ తీగలు ఏ రకాలో తేల్చుకోవాలనుకున్నాను. రెండు పేర్లూ ఒకే రకానివి అయినప్పుడు ఒకే పందిరి కింద, ఒకే నీటితో పెరిగిన తీగలు ఇంత వేరుగా ప్రవర్తించడానికి రెండే కారణాలుండాలి. నీడ, తెగులు వల్ల ఒకటి దెబ్బతిని ఉండాలి, లేదా రెంటిలో ఒకదాని పేరు తప్పయి ఉండాలి.

తీగలను చూసిన తీరు

ద్రాక్షను కాయ లేకుండా గుర్తుపట్టడానికి, తీగ పందిరిని చుట్టుకుని పాకే నులితీగలు మంచి ఆధారం. ఐరోపా జాతి ద్రాక్ష రెమ్మ మీద వరుసగా రెండు కణుపుల్లో నులితీగలు వచ్చి, మూడో కణుపు ఖాళీగా ఉంటుంది, మళ్లీ రెండు, మళ్లీ ఖాళీ. అమెరికా జాతి అయిన లాబ్రుస్కాలో దాదాపు ప్రతి కణుపుకూ నులితీగ ఉంటుంది. ఆ రెంటి సంకరాల్లో మూడు నాలుగు కణుపులు వరుసగా నులితీగలు కనిపించి, ఆ తరువాత ఎక్కడో ఒక ఖాళీ వస్తుంది. ‘గులాబి’ తీగ మీద ఏ రెమ్మ పట్టుకుని వేలితో లెక్కపెట్టినా రెండు, ఖాళీ, రెండు, ఖాళీ. ‘పన్నీరు’ తీగ మీద నాలుగు కణుపుల వరకు ఖాళీయే లేని రెమ్మలు చాలా కనిపించాయి.

ఒక్క గుర్తు మీద తీర్పు చెప్పకూడదు కనుక ఆకులు తిరగేసి చూశాను. ‘పన్నీరు’ ఆకు కింది వైపు దట్టమైన తెల్లని నూగుతో కంబళి ముక్కలా ఉంది, గోటితో గీస్తే చార పడుతోంది. ‘గులాబి’ ఆకు కింద నూగు బాగా పలచన, ఈనెలు స్పష్టంగా కనబడుతున్నాయి. చివరి గుత్తిలో మిగిలిన నాలుగు కాయలను నొక్కి చూశాను. తొక్క చేతిలో ఉండిపోయి, లోపలి గుజ్జు ముద్దగా జారి బయటికొచ్చింది. జారుడు తొక్క లాబ్రుస్కా రక్తానికి గుర్తు.

నాలుగో ఆధారం తెగులు చూపించింది. ‘గులాబి’ ఆకుల మీద, లేత రెమ్మల మీద పక్షికన్ను తెగులు మచ్చలు, అంటే మధ్య బూడిద రంగు, చుట్టూ ముదురు అంచు ఉన్న గుంటలు నిండా ఉన్నాయి. ఆ ఆకుల చిల్లులకు కారణం అదే. ఆ పక్కనే, అదే గాలిలో, అదే వానలో ఉన్న ‘పన్నీరు’ తీగ మీద ఒక్క పక్షికన్ను మచ్చ లేదు. లాబ్రుస్కా రక్తమున్న బెంగళూరు బ్లూ అనే రకం పక్షికన్నును తట్టుకుంటుందన్నది ద్రాక్ష సాగులో అందరికీ తెలిసిన సంగతే.

ఇంటావిడ మొదటి కాపునుంచీ ఒక మాట అంటూనే ఉన్నారట: “ఇది దుకాణంలో అమ్మే ద్రాక్ష జూసు వాసనండి, పన్నీరు వాసన కాదు.” ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. లాబ్రుస్కా ద్రాక్షల ప్రత్యేక వాసనకు పేరుపడ్డ మిథైల్ ఆంథ్రానిలేటే ద్రాక్ష రుచి చాక్లెట్లలోనూ, పానీయాల్లోనూ కలిపే వాసన. ఇన్ని ఆధారాలు ఒకే వైపు చూపినప్పుడు సందేహానికి చోటు లేదు. పన్నీరు పేరుతో కొన్న తీగ బెంగళూరు బ్లూ. ఆయన తీసేద్దామనుకున్న గులాబియే ఆయన వెతుకుతున్న పన్నీరు ద్రాక్ష.

ఇది చెప్పినప్పుడు ఆయన వెంటనే ఒప్పుకోలేదు. మూడేళ్లుగా ఒక్క కాయ ఇవ్వని మొక్కనుంచి వాసన సంగతి ఎలా చెబుతారని అడిగారు. న్యాయమైన ప్రశ్న. తీగను ఉంచాలని మాత్రం ఒప్పించి, కాయ వచ్చాకే పేరు ఖాయం చేద్దామన్నాను.

అంతకుముందు చేసిన ప్రయత్నాలు

ఆయన ఊరికే కూర్చున్న మనిషి కాదు. మొదట మహారాష్ట్ర రైతుల వీడియోలు చూసి కొత్త కొమ్మల కోసం ఏప్రిల్‌లో ఒకసారి, కాపు కోసం అక్టోబరులో ఒకసారి కత్తిరించారు. అక్కడ అక్టోబరు నాటికి వానలు వెనక్కి పోతాయి, కత్తిరించాక వచ్చే లేత చిగురు పొడి గాలిలో పెరుగుతుంది. మనకు అక్టోబరు అంటే ఈశాన్య రుతుపవనాలు, తుఫానులు. హుద్‌హుద్ విశాఖ మీద పడింది 2014 అక్టోబరు 12న అన్నది ఈ ఊళ్లో ఎవరికీ గుర్తుచేయనక్కరలేదు. అక్టోబరులో కత్తిరించిన తీగకు చిగురూ పూగుత్తీ బయటికి వచ్చే వేళకు సరిగ్గా వాన పడుతుంది, బూజు తెగులు వస్తుంది. ఆకు పైన నూనె మచ్చలు, కింద తెల్లని బూజు, ఆ తరువాత పూగుత్తి గోధుమరంగుకు తిరిగి రాలిపోవడం, ఇదంతా ఆయన చూశారు.

మరుసటి ఏడు కంబం పద్ధతి పట్టుకున్నారు. కనుమల పక్కనున్న ఆ లోయలో పన్నీరు ద్రాక్షను ఇష్టమొచ్చిన నెలలో కత్తిరించి, రెండేళ్లలో ఐదు కాపుల వరకు తీస్తారు. ఆ ధైర్యంతో ఇక్కడ జూన్‌లో కత్తిరించారు. నైరుతి వానలో వచ్చిన చిగురంతా పక్షికన్ను పాలైంది. పైగా ప్రతిసారీ కొమ్మకు ఒకటి రెండు మొగ్గలే ఉంచి పొట్టిగా కోసేవారు. బెంగళూరు బ్లూ ఈ హింసనంతా భరించి నాలుగు గుత్తులు వేసింది. కాయకపోవడం గులాబి తత్వమనీ, కాయడం పన్నీరు తత్వమనీ ఆయనకు అనిపించడానికి అదే కారణం.

మొదటి ఏడు చేసినవి, ఫలించనివి

నేను వెళ్లింది సెప్టెంబరు చివర. ముందు బెంగళూరు బ్లూ తీగను సగానికి తగ్గించి గులాబికి వెలుతురు ఇచ్చాం. ద్రాక్షలో వచ్చే కాపుకు పూగుత్తి, ముందు వేసవిలోనే మొగ్గ లోపల ఏర్పడుతుంది. ఏప్రిల్ కత్తిరింపు తరువాత సుమారు నెలన్నర నుంచి రెండు నెలల మధ్య కాలం దానికి కీలకం, ఆ రోజుల్లో మొగ్గకు ఎండ తగలాలి. నీడలో పెరిగిన కొమ్మ ఎంత లావుగా ఉన్నా మొగ్గల్లో ఆకే ఉంటుంది. కాబట్టి ఆ ఏడు గులాబి కొమ్మల్లో అసలు పూగుత్తి ఉందా, ఉంటే ఎన్నో మొగ్గలో ఉంది అన్నది తెలియకుండా కత్తెర పెట్టడం నాకు ఇష్టం లేదు.

ప్రయోగశాలల్లో మొగ్గను నిలువునా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. మిద్దె మీద దానికి బదులు, ఒక్కో మొగ్గ ఉన్న ముక్కలుగా కొమ్మను కోసి, మొదలు నుంచి చివరికి వరుస సంఖ్య రాసి, థర్మాకోల్ పలకకు చిల్లులు పెట్టి, ముక్కలను దానిలో గుచ్చి, వంటింటి కిటికీ దగ్గర నీళ్ల పళ్లెంలో తేలనిచ్చాం. కొన్ని వారాలకు మొగ్గలు విచ్చాయి. మొదటి మూడు స్థానాల నుంచి వచ్చిన చిగుళ్లలో ఉత్త ఆకులే. నాలుగు నుంచి ఆరు వరకు ఉన్న స్థానాల్లో కొన్నిటికి ఆవగింజల ముద్దలా చిన్న పూగుత్తి కనిపించింది. ఏటా ఒకటి రెండు మొగ్గలకు కోయడం వల్ల, ఉన్న కొద్ది గుత్తులూ కత్తెరకే పోయాయన్నమాట. ఆ పళ్లెం చూశాకనే ఆయనకు గులాబి మీద మొదటిసారి ఆశ కలిగింది.

కత్తిరింపునకు ముందు తీగకు విశ్రాంతి ఇవ్వడానికి నీళ్లు ఆపడం నేలలో చేసే పని. డ్రమ్ములోనూ దాన్ని జాగ్రత్తగా, తక్కువ మోతాదులో ప్రయత్నించాం. వారం తిరిగేసరికి ఆకుల అంచులు మాడిపోవడం మొదలైంది. ఇంట్లోని బోరు నీటిని ఆయన, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో చూస్తే వెయ్యి దాటింది. మట్టి ఆరేకొద్దీ ఆ ఉప్పు వేళ్ల దగ్గర చిక్కబడింది. వెంటనే ఆ పద్ధతి మానేసి, మునిసిపల్ కుళాయి నీటితో డ్రమ్ము అడుగు చిల్లుల్లోంచి బాగా కారేదాకా రెండు మూడు విడతలు కడిగాం. బోరు నీరు తీగకు ఆ రోజుతో ఆగిపోయింది.

నవంబరు మూడో వారంలో వాన తెరిపి చూసి ఆరు మొగ్గలకు కత్తిరించాం. డిసెంబరు మొదట్లో అల్పపీడనం వచ్చింది. అప్పటికి చిగుళ్లు నాలుగైదు ఆకుల దశలో ఉన్నాయి. బోర్డో మిశ్రమం చల్లాం గాని, లేత ఆకు మీద, చల్లని మబ్బు వాతావరణంలో రాగి మందు గాఢంగా పడితే ఆకు మాడుతుంది. సగం మోతాదుకు తగ్గిస్తే బూజు ఆగలేదు. ఉన్న నాలుగైదు పూగుత్తులూ పోయాయి. ఆ ఏడు కాపు లేదు.

హైడ్రోజన్ సయనమైడ్ పూసి మొగ్గలన్నీ ఒకేసారి విచ్చేలా చేస్తే కాలం కలిసొస్తుంది కదా అని ఆయన అప్పట్లో అడిగారు. వాణిజ్య తోటల్లో అది మామూలే. అది చర్మానికీ ఊపిరితిత్తులకూ హాని చేసే విషం. పిల్లలు ఆడుకునే, బట్టలు ఆరేసే మిద్దె మీద దానికి చోటు లేదని ఖండితంగా చెప్పాను.

పనిచేసిన పద్ధతి

మొదటి ఏడు అనుభవంతో ఒకటి తేలింది. ఇక్కడ కాపు కాలాన్ని తీగ ఇష్టానికీ, పుస్తకాల నెలలకూ వదలకుండా, వానలు లేని నాలుగు నెలల కిటికీలో ఇరికించాలి. పన్నీరు ద్రాక్షకు కత్తిరింపు నుంచి కోతకు సుమారు నాలుగు నెలలు పడుతుంది. డిసెంబరు మధ్యలో కత్తిరిస్తే ఏప్రిల్ మధ్యకు కాయ దిగుతుంది. వెంటనే కొత్త కొమ్మల కోసం మొదలుదాకా కత్తిరిస్తే, మొగ్గల్లో పూగుత్తులు ఏర్పడే కాలం జూన్ మొదటి సగంలోకి, అంటే నైరుతి మబ్బులు కమ్ముకునే ముందుకు వస్తుంది. రెండు వైపులా పది రోజులు జారితే లెక్క చెడుతుంది. అంత ఇరుకైన కిటికీ ఇది.

కనుక ఏప్రిల్‌లో కొమ్మలన్నిటినీ ఒక్క మొగ్గకు కోసేశాం. వచ్చిన చిగుళ్లలో జానెడు దూరానికొకటి ఉంచి మిగిలినవి గిల్లేశాం, పక్క చిగుళ్లను ఎప్పటికప్పుడు తీసేస్తూ కణుపుల మీద ఎండ పడేలా చూశాం. జూన్ నుంచి పశువుల ఎరువు, ఆవపిండి, జీవామృతం మూడూ ఆపించాను. ఆయనకు ఇది అన్నిటికంటే కష్టమనిపించింది. పచ్చగా ఏపుగా ఉన్న తీగ ఆరోగ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది గాని, నత్రజని ఎక్కువైన ఆకు బూజుకు మెత్తని విందు.

వానాకాలంలో ముదురు ఆకుల మీద ఒక శాతం బోర్డో మిశ్రమం చల్లాం. లీటరు నీటికి పది గ్రాముల మైలుతుత్తం, పది గ్రాముల సున్నం. రెంటినీ వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలోకి పోయాలి. శుభ్రమైన ఇనుప చాకును అందులో నిమిషంపాటు ముంచి తీస్తే ఎర్రని రాగి పూత పట్టకూడదు, పడితే సున్నం ఇంకా కావాలి. ఇంటావిడ ఈ చాకు పరీక్షను తన పనిగా పెట్టుకున్నారు. ఆవిడ కాదన్నాక ఆ మందు తీగ దగ్గరికి పోయేది కాదు. (1880లలో ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో, బాటసారులు కాయలు కోయకుండా తోట అంచు వరుసల మీద చల్లిన పూత ఇది. ఆ వరుసలకే బూజు తగలకపోవడం గమనించి మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని మందుగా స్థిరపరిచాడు.)

అక్టోబరులో పందిరి మీద, రెండడుగుల ఎత్తున, వాలుగా పాలిథిన్ కప్పు వేయించాం. ఇది మందులన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది. ఆకు తడవకపోతే బూజుకు ఆధారమే లేదు. పక్కలు మూయకూడదని పట్టుబట్టాను, సముద్రపు గాలి ఆడుతుంటే రాత్రి తేమ పొద్దున్నే ఆరిపోతుంది. తుఫాను హెచ్చరిక వస్తే కప్పును విప్పి చుట్టేసేలా తాళ్లు కట్టించాం, ఎందుకంటే ఈ ఊళ్లో గాలికి ఎగిరిన కప్పు పందిరిని కూడా తీసుకుపోతుంది.

నీళ్ల పళ్లెం పరీక్ష మళ్లీ చేశాం. ఈసారి మూడో మొగ్గ నుంచే పూగుత్తులు కనిపించాయి. డిసెంబరు మధ్యలో ఐదు మొగ్గలకు కత్తిరించాం. చలికాలంలో కొమ్మ కొన మొగ్గలే ముందు విచ్చి, వెనకవి నిద్రపోతాయి. దానికి కొమ్మలను విల్లులా వంచి కట్టి, కోసిన చివరల మీద వెల్లుల్లి ముద్ద రాశాం. వెల్లుల్లి మొగ్గలను లేపుతుందని జపానులో ద్రాక్ష మీద పరిశోధనలు జరిగాయి. మా తీగ మీద వంచడం వల్ల ఎంత, వెల్లుల్లి వల్ల ఎంత అని విడదీసి చెప్పే పద్ధతిలో మేం చేయలేదు. మొగ్గలు మాత్రం అటూ ఇటూగా మూడొంతుల్లో రెండొంతులు విచ్చాయి.

జనవరి చివర పూత. గుత్తుల్లో కాయలు సమంగా కట్టలేదు, పెద్ద కాయల మధ్య మిరియమంత గింజలేని పిందెలు మిగిలాయి. మస్కట్ హాంబర్గ్‌కు ఇది జాతి లక్షణమే. సన్న కత్తెరతో పిందెలను ఏరేశాం, ఒక్కో రెమ్మకు ఒక్క గుత్తినే ఉంచాం. మార్చిలో కాయ రంగు తిరగగానే గోరింకలూ పిగిలిపిట్టలూ వచ్చాయి, వల కట్టాం.

కోత దగ్గర ఇంకొక నిర్ణయం మిగిలింది. రంగు నిండగానే కోసేద్దామని ఆయన తొందర. ఈ రకంలో రంగు ముందు, తీపి తరువాత, పరిమళం అన్నిటికన్నా చివర వస్తాయి. రంగు చూసి కోస్తే పుల్లటి నల్లద్రాక్షే మిగులుతుంది, అప్పుడు పేరు మీద మళ్లీ అనుమానం మొదలవుతుంది. కాయ రసం చుక్కను తీపి కొలిచే రిఫ్రాక్టోమీటరు మీద వేస్తే పద్నాలుగు దగ్గర ఉంది. పద్దెనిమిది దాటేదాకా ఆగుదామన్నాను. ఏప్రిల్ రెండో వారంలో దాటింది. ఆ రోజు ఆయన ఒక కాయ కొరికి, గింజలు అరచేతిలో ఉమ్మి, ఏమీ అనకుండా మిగతా గుత్తిని ఇంటావిడకు ఇచ్చారు. ఆవిడ వాసన చూసి, “ఇదండీ” అన్నారు. మొత్తం మీద రెండు కిలోలకు కొంచెం ఎక్కువ వచ్చింది. కప్పు, వల, పందిరి ఖర్చు లెక్కేస్తే, మదురై నుంచి విమానంలో తెప్పించుకున్నా ఇంతకన్నా చవకే పడేది. ఆ లెక్క ఆయనే నాకు నవ్వుతూ చెప్పారు.

ఈ కేసు తరువాత నా పనిలో మారినవి

మొక్క పేరు కొనేవాడికి కాయ గురించి చెబుతుంది. పన్నీరు అన్నా గులాబి అన్నా తినేటప్పుడు ఏ వాసన వస్తుందో తెలుస్తుంది, అంతవరకు ఆ పేర్లు అబద్ధం చెప్పవు. అమ్మేవాడు ఏ తీగకు ఆ పేరు కట్టాడన్నది మాత్రం ఆకు, నులితీగ చూసి తేల్చుకోవలసిన సంగతి. నేను ఇప్పుడు ద్రాక్ష మొక్క గురించి ఎవరు ఫోను చేసినా, ఒక రెమ్మ మీద పది కణుపులు కనబడేలా ఒక ఫొటో, ఆకు వెనక వైపు ఒక ఫొటో పంపమని ముందే అడుగుతున్నాను. నర్సరీలో కొనేటప్పుడు కూడా ఈ రెండూ చూసుకోవచ్చు, మొక్కకు కాయ ఉండనక్కరలేదు.

ఒకే చోట పెరిగే రెండు మొక్కలను పోల్చి నిర్ణయం తీసుకోవడం మిద్దెతోటల్లో చాలా సహజం. ఒకటి కాస్తే రెండోది దండగ అనిపిస్తుంది. పోలిక చెల్లాలంటే అవి ఒకే రకమై ఉండాలి, లేదా రెండు రకాలని తెలిసి ఉండాలి. ఇక్కడ ఆయన రెండు రకాలనే అనుకున్నారు, నిజానికి అవి రెండు రకాలే, కాని ఏది ఏదో తారుమారైంది. ఇలాంటి తారుమారు మామిడి అంట్లలోనూ, నిమ్మ జాతుల్లోనూ ఈ మధ్య నాకు ఎక్కువగానే ఎదురవుతోంది.

కత్తిరింపు నెలను మరో ఊరి నుంచి అరువు తెచ్చుకోవద్దని నేను ఎప్పుడూ చెప్పేదే గాని, ఈ కేసుతో ఆ మాటకు ఒక లెక్క దొరికింది: ముందు మన ఊళ్లో ఆకు తడవని నాలుగు నెలలు ఏవో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి అడిగేవారికీ ఇదే చెబుతున్నాను. ఒంగోలు, నెల్లూరు వైపు డిసెంబరు వానలు ఎక్కువ కనుక వారు కత్తిరింపును ఇంకా ఆలస్యం చేయవలసి వస్తుంది.

బెంగళూరు బ్లూ తీగను ఏం చేయాలన్నది చివరి ప్రశ్న. తీసేయమని నేను చెప్పలేదు. దాని వేళ్లు ఆ డ్రమ్ములో, ఆ ఎండలో, మూడేళ్ల ఉప్పు నీటిని తట్టుకుని నిలిచాయి. ఉప్పును తట్టుకోవడానికి తోటల్లో వాడే డాగ్‌రిడ్జ్ వేరుమొక్క తెచ్చి మళ్లీ మొదలుపెట్టాలంటే ఇంకో రెండేళ్లు పడుతుంది, ఆయనకు అంత ఓపిక లేదన్నారు. అందుకని దాని ఒక పక్క కొమ్మ మీద గులాబి పుల్లలతో రెండు చీలిక అంట్లు కట్టాం. ఒకటి ఎండిపోయింది, ఒకటి పట్టుకుని ఇప్పుడు మూరెడు చిగురు వేసింది. మిగతా కొమ్మలను జూసు కోసం అలాగే ఉంచమని ఇంటావిడ చెప్పారు. అంటు కొమ్మకు ఈ ఏడు పూగుత్తి వచ్చినా తుంచేస్తాం. మొదటి కాపు వచ్చే ఏడు ఏప్రిల్‌లో, రిఫ్రాక్టోమీటరు పద్దెనిమిది చూపించాకే.